మూడు ప్రశ్నల ఎలీషా గారు

మా ఎలీషా గారికి యాభై మూడేళ్ళు వచ్చాయి గానీ, ఇంతవరకూ ఆయనకి ఒక్క పరాయి మనిషి తగల్లేదు. లోకంలో పరాయివాళ్ళు లేక కాదు. ఆయన ఉండనివ్వరు. ఎదుటివాడు ఎవడైనా సరే, ఎంతటివాడైనా సరే, మూడు ప్రశ్నలు అడుగుతారు. "ఏ ఊరండీ?" అన్నది మొదటిది. "అమ్మగారిది ఏ ఊరండీ?" అన్నది రెండోది. మూడోది మనిషిని బట్టి ఉంటుంది. దానికి జవాబు సగంలో ఉండగానే ఆయన మొహం పెళ్ళిపందిట్లో సీరియల్ లైట్ల సెట్టులా వెలుగుతుంది. "ఆయ్! అయితే మనవాళ్ళేనండీ!"

రాజోలులో ఆయనకి మైకుసెట్టు ఉంది. పెళ్ళిళ్ళకీ, ప్రార్థన కూడికలకీ, పార్టీ మీటింగులకీ బాక్సులు మోసేది నేను. ఇంటర్ తప్పి, ఊళ్ళో లైబ్రరీ పుస్తకాలన్నీ చదివేసి, అందరిమీదా కోపంగా తిరుగుతున్న రోజుల్లో ఆయన దగ్గరికి పని అడగడానికి వెళ్ళాను.

"ఏ ఊరు బాబూ?"

"ఈ ఊరేనండి."

"అమ్మగారిది?"

"సఖినేటిపల్లి."

"రేవు దగ్గరా, లోపలా?"

"రేవు దగ్గరేనండి."

"అయితే మనవాడే. నన్ను బాబాయ్ అను. ఆ బాక్సు అటు పట్టుకో."

ఉద్యోగమూ, చుట్టరికమూ ఒకేసారి దొరికిన మనిషిని నేనే అనుకుంటాను.

ఒకసారి రావులపాలెం సెంటర్లో మా వ్యాను మీద బాక్సులు ఎత్తుగా ఉన్నాయని కానిస్టేబులు ఆపాడు. బాబాయ్ దిగారు. కానిస్టేబులు అమ్మగారిది ఆత్రేయపురమని తేలింది. "మీ అమ్మగారు పూతరేకులు చుడతారాండీ?" అని మూడోది అడిగారు. చుడతారట. "అయితే ఆ చేతి పూతరేకు ఎప్పుడో తినే ఉంటానండీ. మనవాళ్ళే!" కానిస్టేబులు చలానా మానలేదు. రాసి, చేతికిచ్చి, "జాగ్రత్తగా వెళ్ళండి బాబాయ్ గారూ" అన్నాడు.

ఇంకోసారి రాంగ్ నంబరు వచ్చింది. నలభై నిమిషాలు మాట్లాడారు. ఆ రాంగ్ నంబరుగారి అమ్మాయి పెళ్ళికి మేం శ్రీకాకుళం దాకా మైకుసెట్టు పట్టుకెళ్ళాం. మగపెళ్ళివారు బాబాయిని పెళ్ళికూతురి పెదనాన్న అనుకుని కొత్త బట్టలు పెట్టారు. ఆయన కాదనలేదు.

ఆయన భార్య ప్రసన్నకుమారి గారిని ఈ విషయం కదిపితే చాలు. "నాకేం చెప్తావు బాబూ! పెళ్ళిచూపులకొచ్చి మా నాన్నగారిని మూడూ అడిగేరు. 'అయితే మనవాళ్ళేనండీ!' అని గంతేసేరు. నాకు వరసకి అన్నయ్య అయిపోతాడేమోనని మా అమ్మ గుండె ఆగిపోయింది. సంబంధం తప్పిపోతదని చుట్టరికం వెనక్కి తీసుకోడం ఆయన జన్మలో అదొక్కసారే."

ఇదంతా నాకు ముచ్చటగా ఉండేదనుకుంటే పొరపాటు. ఒళ్ళు మండేది. అబద్ధపు చుట్టరికాలు కలిపి ఈ మనిషికి ఏం ఒరుగుతోందో అర్థమయ్యేది కాదు. కావాలనే గమనించేవాణ్ణి. బేరం పెరుగుతుందా అంటే లేదు, పైపెచ్చు చుట్టాలని తగ్గించుకునేవాళ్ళు. పలుకుబడా అంటే అదీ లేదు. మరెందుకు?

ఇలా ఉండగా అమలాపురానికి డెరిక్ లింగ్డో వస్తున్నాడని తెలిసింది.

షిల్లాంగ్ మనిషి. రాక్ గిటారిస్టు. నాకు గురువు, దేవుడు, శత్రువు, అన్నీ ఆయనే, ఫోన్లో. అంతటివాడు అమలాపురంలో ఫంక్షన్ హాలుకి రావడమేమిటని మీకు అనుమానం రావచ్చు. మా కోనసీమలో ఊరికి రెండు చర్చిలు, చర్చికి రెండు గిటార్లు, ఒక కీబోర్డు, ఒక డ్రమ్ ప్యాడు. ఈ సంగతి ఎక్కడో ముంబైలో వాయిద్యాల కంపెనీవాళ్ళకి తెలిసింది. డీలర్లందరినీ పోగేసి మూడు రోజుల మేళా పెట్టారు. చివరి రోజు డెరిక్. వీడియోలు పంపినవాళ్ళలో అయిదుగుర్ని ఏరతారు, ఒక్కొక్కడు రెండు నిమిషాలు ఆయన ముందు వాయించొచ్చు. ఆ అయిదుగురిలో నేనున్నాను.

నేను గిటారు ఎవరి దగ్గరా నేర్చుకోలేదు. నేర్చుకోవాలని అమలాపురంలో ఒకాయన ఇంటికి వెళ్ళాను ఒకసారి. ఇంటిపేరు అడిగారు. మా కోనసీమలో ఇంటిపేరు చెబితే మిగతాదంతా చెప్పినట్టే. చెప్పాను. "బ్యాచి నిండిపోయింది బాబూ" అన్నారు. ఆయన వెనకాల మూడు కుర్చీలు ఖాళీగా ఉన్నాయి. ఆ రోజునుంచి షాపు వెనక స్పీకరు బాక్సుల మధ్య కూర్చుని ఫోను చూసి నేర్చుకున్నాను. డెరిక్ వాయించిన ఒక్క ముక్కకి ఆరు నెలలు పట్టింది. అందుకే ఆ రెండు నిమిషాలు నాకు ఎంత ముఖ్యమో వేరే చెప్పక్కర్లేదు. డెరిక్ ఒక్కసారి తలూపితే చాలు, ఆ మూడు కుర్చీల సంగతి మరిచిపోదామనుకున్నాను.

మేళా చూడాలి మీరు. పుర్రెబొమ్మ టీషర్టుల కుర్రాళ్ళు కాకినాడ నుంచీ, రాజమండ్రి నుంచీ వచ్చారు. తెల్లచొక్కాల పాస్టర్లు అంతకంటే ఎక్కువమంది వచ్చారు. ఇద్దరూ ఒకే యాంప్లిఫయరు ముందు నిలబడి దాని బటన్లు తిప్పుతున్నారు. స్టేజి మీద మైకులు చూసే పని మా బాబాయికి దక్కింది. దాంతో ఆయన కూడా స్టేజెక్కారు. అప్పుడే నాకు భయం పట్టుకుంది.

డెరిక్ వచ్చాడు. హాలు ఊగిపోయింది. ఫోన్లో ఆరడుగులనుకున్నాను, నా భుజం దాకా ఉన్నాడు. నల్ల కళ్ళద్దాలు, చేతికి దారాలు. ఉక్కకి చెమట్లు కారుతున్నాయి పాపం. ఎవరో కొబ్బరిబొండం ఇస్తే స్ట్రా తీసి పక్కన పెట్టి, ఎత్తి గడగడా తాగేశాడు. జనం పాటకి కొట్టేటన్ని చప్పట్లు దానికే కొట్టారు.

కుర్రాళ్ళని స్టేజి మీదికి పిలిచేది నాగబాబు గారు, అమలాపురంలో వాయిద్యాల కొట్టు యజమాని. మొదటి కుర్రాణ్ణి ఇంటిపేరుతో, తండ్రిపేరుతో, ఊరుపేరుతో పిలిచారు. హాల్లో ఓ మూల చప్పట్లు మోగాయి. రెండోవాడికి ఇంకో మూల మోగాయి. మూడోవాడికి వేరే మూల. వాళ్ళు తీగ ముట్టకముందే చప్పట్లు ఇంటిపేర్లని బట్టి పడిపోతున్నాయి.

నాలుగోవాణ్ణి నేను. నాగబాబు గారు కాగితం చూసుకుంటూ వచ్చారు.

"శ్యామ్ బాబు నువ్వేనా? ఇంటిపేరు రాయలేదేంటి? ఏంటి ఇంటిపేరు?"

నోరు తెరిచాను. ఈలోగా ఎలీషా గారు వైరు చుట్టుకుంటూ మధ్యలోకి వచ్చేశారు.

"నాగబాబు గారూ, ఒక్క క్షణమండీ. మైకు గరగరమంటంది." మైకు లాక్కున్నారు. దానికే రోగమూ లేదు, పొద్దున్న నేనే చూశాను. "ఇంతకీ తమరిది అమలాపురమేనాండీ?"

"ఆయ్, ఇక్కడే."

"అమ్మగారిది?"

"కొత్తపేట. అయ్యన్నీ ఇప్పుడెందుకండీ?"

"కొత్తపేటలో మొన్న కొత్త మేడకి గృహప్రవేశం చేసుకున్నవారు తమకేమవుతారండీ?"

"మా మేనమామ గారు."

"అయితే మనవాళ్ళేనండీ! ఆ రోజు మైకు నాదే! జనరేటరు ఆగిపోయిందని మావయ్యగారు నన్ను చెడతిట్టేరు కూడా!"

"ఓర్నీ, అది నువ్వేనా!"

మైకు ఆన్లోనే ఉంది. హాలంతా విని నవ్వింది. బాబాయ్ అక్కడితో ఆగలేదు. డెరిక్ వైపు తిరిగారు.

"శ్యామూ, ఏ ఊరండీ అని అడుగు."

"షిల్లాంగ్ బాబాయ్! అందరికీ తెలుసు!"

"నాకు తెలీదు కదరా. అడుగు."

వాయించడానికి ఎక్కినవాణ్ణి దుబాసీనయ్యాను. ఇంగ్లీషులో అడిగాను. తర్వాత ఆయన అమ్మగారి ఊరు అడిగాను. డెరిక్ కళ్ళద్దాలు తీసి నావైపు చూశాడు. ఇన్ని ఇంటర్వ్యూల్లో అది ఎవరూ అడగలేదట. చిరపుంజి దగ్గర చిన్న పల్లెటూరని చెప్పాడు.

"అక్కడ చర్చి ఎవరు కట్టించేరో అడుగు."

"దొరలు కట్టించారట. ఓడలో వచ్చారట."

"ఓడలోనా!" బాబాయ్ చేతులు రెండూ పైకెత్తారు. "మా దొరలూ ఓడలోనే వచ్చేరండీ! అయితే ఒకటే ఓడ! మావాళ్ళు ఇక్కడ దిగేరు, మీవాళ్ళు అక్కడ దిగేరు. మనవాడే!"

"షిల్లాంగులో సముద్రం లేదు బాబాయ్."

"అందుకే మనవాళ్ళు ముందు దిగిపోయేరు. చెప్పు ఆయనకి."

చెప్పాను. డెరిక్ కుర్చీలో వెనక్కి వాలి నవ్వాడు. నాకు మాత్రం ఏడుపొచ్చింది. గడియారం చూసుకుంటున్న నాగబాబు గారు కాగితం జేబులో కుక్కేసి మైకందుకున్నారు.

"సరే, టైమైపోతంది. తర్వాత మన శ్యామ్ బాబండీ!"

అంతే. ఈసారి ఏ మూల చప్పట్లు కొట్టాలో తెలీక జనం ఊరుకున్నారు. ఊరుకుని, గిటారు విన్నారు.

ఆరు నెలలు నేర్చుకున్న ఆయన ముక్కే వాయించాను. సగంలో డెరిక్ కూడా తన గిటారు మీద అందుకున్నాడు. చివరికొచ్చేసరికి ఆపి, నావైపు వంగాడు. "ఈ చివరి ముక్క నాది కాదే! ఎక్కడిది?"

నిజం చెప్పాను. "వీడియోలో అక్కడిదాకా వచ్చేసరికి నా డేటా అయిపోయిందండి. మళ్ళీ వేయించుకునేలోపు నేనే అల్లుకున్నాను. తర్వాత అదే అలవాటైపోయింది."

"మళ్ళీ వాయించు" అన్నాడు. మళ్ళీ వాయించాను. మూడోసారి నా వేళ్ళు చూస్తూ ఆయన వాయించాడు. ఒకచోట తప్పాడు. తలూపుతాడేమో చూద్దామనుకుని వచ్చినవాణ్ణి, "అక్కడ కాదండి, ఇక్కడ" అని ఆయన వేలు జరిపాను.

ఇంత జరిగినా వ్యాన్లో నా కోపం తగ్గలేదు. "రెండు నిమిషాల్లో నిమిషన్నర మీరే తినేశారు బాబాయ్! ఆయన మంచివాడు కాబట్టి సరిపోయింది. టైమైపోయిందని దింపేసుంటే?"

బాబాయ్ గేరు మార్చారు. ఎప్పుడూ లేనిది, నెమ్మదిగా మాట్లాడారు. "నాగబాబు గారు మరిచిపోయేరు కదరా మరి."

"ఏం మరిచిపోయారు?"

"అదే. నిన్నడిగింది."

రెండేళ్ళలో ఈయన వెనక బాక్సులు మోస్తూ ఎన్ని పెద్దిళ్ళ అరుగులెక్కానో, ఎన్ని వంటశాలల్లో కూర్చుని తిన్నానో ఒక్కొక్కటీ గుర్తొచ్చాయి. ఒక్క ఇంట్లోనూ ఎవరూ నన్ను ఆ మాట అడగలేదు. అడిగే ఖాళీ ఎక్కడుంది? గుమ్మంలో అడుగుపెట్టిన దగ్గర్నుంచీ ఈయనే అడుగుతుంటే! ఇంకోటి కూడా అప్పుడే తట్టింది. కానిస్టేబుల్ని, రాంగ్ నంబరుగారిని, నాగబాబు గారిని, నన్ను, ఎవర్ని అడిగినా ఆయన మూడు ప్రశ్నల్లో ఇంటిపేరు ఎప్పుడూ లేదు.

"బాబాయ్, నా ఇంటిపేరు మీకు తెలుసా?"

"తెలీదురా."

"రెండేళ్ళనుంచీ మీ దగ్గరున్నాను!"

"నువ్వు చెప్పలేదు. నేనడగలేదు."

ఎందుకో ఆ క్షణంలో చెప్పాలనిపించింది. జీవితంలో మొదటిసారి ఎవరూ అడక్కుండా నా ఇంటిపేరు నేనే చెప్పాను. గట్టిగానే చెప్పాను, ఇంజను మోత మీద వినబడేలా.

తప్పు చేశాను. ఆయన బ్రేకు మీద కాలేసి వ్యాను పక్కకి ఆపేశారు. మొహం వెలిగిపోతోంది.

"ఒరే! ఆ ఇంటిపేరువాడు ఒకడు రావులపాలెం అరటి మార్కెట్లో గెలలెత్తేవాడు. ఎడంచేతి వాటం. వాడు మీకేమవుతాడు?"

"తెలీదు బాబాయ్."

"తెలీదంటే ఎలా? అమ్మకి ఫోన్ కొట్టు!"

కొట్టాను. ఆయన నా చేతిలోంచి ఫోను లాక్కున్నారు. రాజోలు చేరేదాకా నాకు మళ్ళీ ఇవ్వలేదు.