ఎదురింటి అవ్వ రాట్నం

మా ఎదురింటి అవ్వ పోయింది. పెనుకొండ దగ్గరి ఫ్యాక్టరీలో పని ముగించుకుని, ధర్మవరం రైలు కోసం ప్లాట్‌ఫారం మీద నిలబడి ఉంటే నా భార్య ఫోన్ చేసింది. "రాట్నం కాడనే ఒరిగిపోయిందంట. మన టైగర్ పెట్టిన ఏడుపుకే కోడలు బయటికొచ్చి చూసింది," అంది. నాకు ఏడుపు రాకముందే భయం వచ్చింది, కుక్క పేరు చెప్పి జనం ఏమంటారోనని. చనిపోయిన మనిషిని తలుచుకుంటూ ఈ మాటతో మొదలుపెట్టడం సిగ్గుగానే ఉంది. కానీ ఆమె గురించి రాయాలంటే ఆ కుక్క గురించి రాయక తప్పదు. కుక్క గురించి రాస్తే నా సంగతి ఎలాగూ బయటపడుతుంది.

టైగర్‌ను మొదట హిందూపురంలో చూశాను, నాతో పనిచేసే ఒకాయన ఇంట్లో. ముధోల్ జాతి వేటకుక్క పిల్ల. నా ఒళ్ళో ముడుచుకుని నిద్రపోతుంటే మురిసిపోయి ఇంటికి తెచ్చుకున్నాను. మా వీధిలో ఇంకెవరికీ అలాంటి కుక్క లేదన్న గొప్ప కూడా ఉండింది లెండి. చూస్తుండగానే పెరిగి, నిలబడితే నా భుజాల మీద కాళ్ళు వేసేంత అయింది. కదిలేది ఏదైనా దానికి వేటే. పాలాయన సైకిలు, స్కూటరు చక్రం, తీగ మీద ఆరేసిన పంచె, ఏదీ వదిలేది కాదు. నేను సెల్‌ఫోన్‌లో వీడియోలు చూసి "సిట్, సిట్" అని అరిచేవాణ్ణి. అది నన్ను ఈడ్చుకుంటూ వీధి చివరిదాకా పోయేది. నా చెప్పులు ఒకచోట, నేను ఒకచోట. ఆ అవమానమంతా ఇంటికొచ్చాక బెల్టుతో దాని మీద తీర్చుకునేవాణ్ణి.

ధర్మవరంలో మాది నేతగాళ్ళ వీధి. అవ్వ కొడుకు లోపల మగ్గం గుంతలో కూర్చుని పట్టుచీర నేస్తుంటే, అవ్వ బయట అరుగు మీద రాట్నం తిప్పుతూ పట్టుదారాన్ని కండెలకు చుట్టేది. దవడన ఆకువక్క, పక్కన మూతపెట్టిన గిన్నెలో కాస్త రాగిసంగటి ఎప్పుడూ ఉండేవి. ఒకరోజు టైగర్ గొలుసు తెంపుకుని పోయి, ఆ తిరిగే చక్రం మీదికి దూకింది. రాట్నం ఒకవైపు పడింది, అవ్వ ఒకవైపు పడింది. దారమంతా కుక్క కాళ్ళకూ మెడకూ చుట్టుకుంది. కొడుకు మగ్గం దిగి వచ్చాడు.

"ఏమప్పా, కుక్కను సాకుతాండావా, నిజంగానే పులిని సాకుతాండావా? రేపటికల్లా ఇది ఈడ ఉండకూడదు."

వీధంతా ఆయన పక్షమే. మొక్కై వంగనిది మానై వంగుతాదా అని ఒక పెద్దాయన అందుకున్నాడు. నేను బెల్టు తీశాను.

అవ్వ మోచెయ్యి దులుపుకుంటూ లేచింది. "అది మొక్కా ఏమప్పా, వంచేకి? పసిది. ఒళ్ళు పెరిగినంత జల్దిగా బుద్ధి పెరగదు. నీకు మాత్రం పెరిగిందా యాం? ఆ బెల్టు నడుముకు కట్టుకో, ప్యాంటు జారిపోతాది," అంది.

జనం పకపకా నవ్వారు. ఆ నవ్వులోనే ఆమె కొడుకు వైపు తిరిగి, "ఉగాది దాకా దీన్ని నాకు వదిలిపెట్టు నాయనా. అప్పటికీ మాట వినకపోతే నేనే పంపిస్తా," అంది.

మర్నాటి నుంచి పొద్దున్నే నా భార్య టైగర్‌ను తీసుకుపోయి అవ్వ అరుగు స్తంభానికి కట్టేది. అవ్వ రాట్నం తిప్పేది. కుక్క ఎగిరిందా, అరచేత్తో చక్రాన్ని ఆపేసేది. తిట్టడం లేదు, కొట్టడం లేదు, దాని మొహం కూడా చూసేది కాదు. అది గుంజుకుని, మొరిగి, అలిసిపోయి చివరికి కూలబడేది. కూలబడగానే చక్రం తిరిగేది, చిటికెడు సంగటి దాని నోట్లో పడేది. మళ్ళీ లేస్తే మళ్ళీ ఆగేది. మధ్యలో ఆమె పనే చెడేది. కండెలు అందడం లేదని కొడుకు లోపలినుంచి సణిగేవాడు.

"దానికి ఇష్టమైందే దానికి చూపించల్ల," అని నాతో అంది ఒక ఆదివారం. "కుదురుగా ఉంటేనే అది దొరుకుతాదని తెలిసేదాకా మనమూ కుదురుగా ఉండల్ల. కొడితే భయం వస్తాదప్పా, బుద్ధి రాదు."

ఉగాది వచ్చేసరికి టైగర్ ముందుకాళ్ళ మీద గడ్డం ఆనించి, తిరిగే రాట్నాన్ని చూస్తూ పూటంతా పడుకునేది. గొలుసు కూడా అక్కర్లేకపోయింది. పాలాయన సైకిలు పోతే చెవి ఒక్కటే కదిలేది. పంపించేయమన్న కొడుకే దిష్టి తగులుతుందని దాని మెడకు నల్లదారం కట్టాడు. అవ్వ మాత్రం దాన్ని టైగర్ అని ఎన్నడూ పిలవలేదు. "పులంట పులి!" అని నవ్వి, "ఏమప్పా" అనేది. నన్నూ అలాగే పిలిచేది. ఆమె పిలిస్తే మేమిద్దరమూ తిరిగి చూసేవాళ్ళం. ముందు లేచిపోయేది అదే.

అలాంటి మనిషి పోయిన రోజు నేనేం చేశానో చెప్పాలి. రైలు దిగి వచ్చేసరికి వీధినిండా చుట్టాలు. వాళ్ళలో ఒకామె, "ఆ కుక్క ఏడుస్తాంటే అనుకున్యా. కుక్క ఏడిస్తే ఊరికే పోతాదా? మనిషిని తీసకపోయింది," అంది. నలుగురు తలలూపారు. అవ్వ ఒరిగిన తర్వాతే కుక్క ఏడ్చిందని నాకు తెలుసు. నా భార్య చెప్పింది కదా! అయినా, "శవం లేచేలోపల దాన్ని ఈడ లేకుండా చెయ్యండప్పా," అంటే సరేనని తలూపి, సామాన్ల ఆటో పిలిచి, రొద్దంలో నా బావమరిది తోటకు పంపేశాను. ఎక్కేటప్పుడు అది అవ్వ ఇంటివైపే చూస్తూ ఉండింది. మంచిపని చేసినావని ఎవరో నా భుజం తట్టారు. తట్టించుకున్నాను.

నాలుగైదు రోజులకు అవ్వ కోడలు, మైల కాబట్టి మా గడప తొక్కకుండా వీధిలోనే నిలబడి పిలిచింది.

"అన్నా, మా ఏమప్ప యాడ?"

చెప్పాను.

"నేను పెరట్లో గుడ్డలుతుకుతాంటి. మగ్గం సద్దుకు ఆయనకేమీ ఇనపడలే. అది అట్ల ఏడ్చబట్టే కదన్నా నేను పరిగెత్తుకొచ్చింది! అత్తమ్మకు అప్పటికింకా ఊపిరి ఉండె. తల నా ఒళ్ళో పెట్టుకుని రెండు గుక్కలు నీళ్ళు పోస్తే తాగింది. నా చేతి నీళ్ళు తాగి పోయింది. అది లేకుంటే దిక్కులేని దాని మాదిరి అరుగు మీద పోయేది గదన్నా! దాన్ని పంపించేదానికి నీకు చేతులెట్ల వచ్చె?"

నా పరువు కోసం నేను వెళ్ళగొట్టింది, అవ్వకు చివరి నీళ్ళు అందించిన గొంతును.

ఆ సాయంత్రమే రొద్దం పోయాను. "బావా, మళ్ళీ తీసకపోతాండావా?" అని బావమరిది ఆశ్చర్యపోయాడు. టైగర్ నా చేతులు నాకింది. దానికి నా మీద కోపం లేదు. కోపం ఉండి ఉంటే కాస్త తేలికపడేవాణ్ణి.

ఆటో వీధి మలుపు తిరగ్గానే అది దూకి పరిగెత్తింది. అరుగు మీద రాట్నం పెట్టినచోటే ఉంది, సగం చుట్టిన కండె దానికే ఉంది. తీయడానికి ఎవరికీ మనసు రాలేదట. టైగర్ అవ్వ కూర్చునే గోనెపట్టాను వాసన చూసింది. తర్వాత చక్రానికి ఎదురుగా, ముందుకాళ్ళు రెండూ దగ్గర పెట్టుకుని, ఆమె నేర్పినట్టే కూర్చుంది.

"టైగర్, రా పోదాం," అన్నాను. చెవి ఒక్కటి కదిలింది. "ఏమప్పా" అని పిలవబోయి ఆగాను, అది అవ్వ పిలుపు.

చక్రం తిరగలేదు. అది తన తప్పేమో అన్నట్టు వెనక్కాళ్ళు సర్దుకుని, ఇంకా కుదురుగా కూర్చుంది.