కెప్టెన్ జరిపిన బాణాలు

చొక్కాల ఫ్యాక్టరీలో కాలర్లు కుట్టే ఆమెను ఆ ఆటల సైటులో అందరూ సూదక్క అనేవారు. పాట మోగుతుంటే తెర మీద బాణాలు పైనుంచి రాలుతాయి. అవి గీతను తాకిన క్షణాన, సరిగ్గా తాళం దెబ్బ మీద, మీట నొక్కడమే ఆట. ఆ బాణాలను పాటకు తగ్గట్టు ఎవరో ఒకరు చేత్తో పేర్చాలి. అప్పుడప్పుడే మొదలైన సైటు. పట్టుమని పాతికమంది లేరు, పేర్చేవాళ్లు ఇంకా తక్కువ. సూదక్క ఒక డ్రమ్ముల పాట పట్టుకుని, సెలవులన్నీ దానికే ధారపోసి, ఒక్కో దెబ్బా విని విని పేర్చింది. సైటువాళ్లు తెచ్చే మొదటి పాటల సంకలనంలో తన పేరుతో అది రావాలని ఆమె ఆశ.

వచ్చింది. ఆడి చూసింది. దెబ్బ పడ్డాక, భోజనాలయ్యాక వచ్చిన చుట్టంలా, ప్రతి బాణమూ తీరిగ్గా దిగుతోంది. కింద ఎవడో "సూదక్కకి చెవుడా?" అని రాశాడు. దానికి బోలెడు ఇకిలింపులు.

ఆదివారం మధ్యాహ్నం అందరూ మైకుల్లో కలుసుకున్నప్పుడు ఆమె నిలదీసింది. సైటు నడిపేవాడు కెప్టెన్. కరకరా ఏదో నములుతూ, మైకు నోట్లో పెట్టుకున్నట్టే మాట్లాడతాడు.

"నీ బాణాలు ముందొచ్చేస్తున్నాయి సూదక్కా. నేనే కాస్త వెనక్కి జరిపా. అందరివీ జరుపుతాగా!"

"నన్నడక్కుండానా? మీరు వినేది ఏ స్పీకర్లలో?"

"వైరు లేనివి. కొత్తవి!"

"వాటిలో పాటే ఆలస్యంగా వస్తోందండీ, బాణాలు ముందు రావడం లేదు. వైరున్నవి పెట్టి వినండి."

"ఎవరికీ లేని బాధ నీకేంటమ్మా?" అన్నాడు వేళ్లు చప్పరిస్తూ. ఆ చప్పుడు ఆమె చెవిలో జిడ్డులా అంటుకుంది.

మిగతావాళ్లు తర్వాత విడివిడిగా, చాటుగా సందేశాలు పంపారు. "నువ్వన్నది నిజమే అక్కా. మేం మా ఆటలో సెట్టింగు మార్చి, బాణాలు ముందుకు జరుపుకుని ఆడుతున్నాం. ఆయనతో ఎందుకు పెట్టుకోవడం?" చెవుడా అన్నవాడు కూడా అదే రాశాడు. చదువుతుంటే ఆమెకు ఒళ్లంతా కంపరం పుట్టింది. కాలరు వంకరగా వస్తే కుట్టు విప్పుతారు గానీ, మెడ వంచుకుని తొడుక్కోమంటారా?

వారం తిరక్కుండా కెప్టెనే ఫోన్ చేశాడు. "నీదొక్కటీ మళ్లీ సరిచేస్తాలే. 'సరిదిద్దినది కెప్టెన్' అని కింద వేసుకుంటా. స్పీకర్ల గొడవ మాత్రం ఇంకెత్తకు."

"మరి మిగతావాళ్లవి?"

"వాళ్లడగలేదుగా."

"అయితే నాది తీసెయ్యండి."

"తీస్తే మొదటి సంకలనంలో నీ పేరుండదు. ఆలోచించుకో."

"పేరుతో సహా తీసెయ్యండి."

పక్కన కూర్చున్న తమ్ముడు తల పట్టుకున్నాడు. "అదే పాట వినిపించి మా చెవులకు తూట్లు పొడిచావు కదక్కా! సరిచేస్తానన్నాడుగా, ఊరుకోవచ్చుగా?"

"చెత్తబుట్ట కడిగిచ్చాడని అందులో అన్నం తింటావురా?"

సాయంత్రానికి ఆమె పాట పోయింది. ఆ చోట కెప్టెన్ తను పేర్చిందొకటి పెట్టాడు. బాణాలు దెబ్బకి వెనకే ఈడ్చుకుంటూ వస్తున్నాయి. చాటుగా రాసినవాళ్లంతా దాని కింద బారులు తీరి "అద్భుతం కెప్టెన్" అంటున్నారు. సూదక్క చివరిదాకా చదివి, ఆ సైటులో తన ఖాతా కూడా తీసేసింది.