దోర్నాలకు సున్నా

పదకొండేళ్లుగా కాటమరాజు ఉద్యోగం ఒక్కటే. పొద్దున్నే మార్కాపురంలో ప్రకాశరావు పంటనష్టం సర్వే ఆఫీసుకు రావడం, వెబ్‌సైట్ తెరిచి ఏ మండలంలో ఎంత వాన పడిందో చూడడం, పాత కంప్యూటర్‌లోని డేటాబేసులో ఒక్కొక్క అంకే కొట్టడం. పొదిలి, దొనకొండ, గిద్దలూరు... కొట్టీ కొట్టీ వేళ్లు అరిగాయిగానీ మర్యాద మాత్రం దక్కలేదు. "అంకెలు కొట్టేదానికి ఒక మనిషి ఎందుకబ్బా!" అని ప్రకాశరావు వచ్చినవాళ్ల ముందే ఎత్తిపొడిచేవాడు.

ఆ రోషంతోనే కాటమరాజు ఆరు నెలలు వీడియోలు చూసి కంప్యూటర్‌తో ఆ పని చేయించే స్క్రిప్టు రాయడం నేర్చాడు. బటన్ నొక్కితే చాలు, అంకెలు వాటంతటవే దిగి, పేరుకు పేరు సరిచూసుకుని గడుల్లో కూర్చుంటాయి. ఖాళీ గడి కనబడితే ప్రకాశరావు చిందులు తొక్కుతాడు కదా, అందుకని పేరు కలవనిచోట సున్నా పెట్టమని కూడా తనే రాశాడు. చదవేస్తే ఉన్న మతి పోవడమంటే ఇదే. అది సెప్టెంబరు చివర, వానలు మొహం చాటేసిన రోజులు. అన్నీ సున్నాలే అయినప్పుడు అందులో ఒకటి తప్పని ఎవరికి తెలుస్తుంది?

అక్టోబరులో కుండపోత కురిసింది. వంద మిల్లీమీటర్లు దాటిన మండలాల జాబితా స్క్రిప్టే తీసింది. ప్రకాశరావు ఆ పూటే పైకి పంపేశాడు. నాలుగో రోజు దోర్నాల నుంచి తండ్రి గురవయ్య ఫోన్ చేశాడు.

"ఏందిరా, మన మండలం లిస్టులో లేదంట? మూడెకరాల మిరప నీళ్లలోనే కుళ్లిపోయె. లిస్టులో లేకుంటే పరిహారం రాదంటాండారు."

కాటమరాజు వెబ్‌సైట్ తెరిచాడు. 'పెద్దదోర్నాల', నూట పద్దెనిమిది. డేటాబేసులో తను ఏనాడో కొట్టిన పేరు వట్టి 'దోర్నాల', ఎదురుగా సున్నా. ఆ ఊళ్లో పుట్టినవాడెవడూ 'పెద్ద' అనడు మరి. చేత్తో కొట్టినన్నాళ్లూ కన్ను ఏది చదివినా చెయ్యి సరైన గడికే పోయేది. స్క్రిప్టుకు సొంతూరంటూ లేదు.

లిస్టు సరిచేయమని కాటమరాజు వెళ్లి ప్రకాశరావును కాళ్లావేళ్లా పడి బతిమాలాడు. "పంపినాక మార్చేది లేదప్పా. తప్పని రాసిస్తే నా ఆఫీసుకు తాళమే. నోరు మూసుకోని పని చూసుకో" అన్నాడాయన.

సాయంత్రం గురవయ్య మళ్లీ చేశాడు. "ఊరోళ్లంతా ఉడికిపోతాండారు. ఆ వాన లెక్క రాసినోడెవడో మన నోట్లో మన్ను కొట్టినాడు. నువ్వు ఆడనే ఉండావు గదా, వాని పేరేందో కనుక్కో."

"కనుక్కుంటాలే నాయనా" అన్నాడు కాటమరాజు.