నిమ్మకాయను ఎగుమతి చేయబోయిన ఘనుడు

ఒక్క నిమ్మకాయతో ఎగుమతి వ్యాపారాన్ని ముంచబోయిన మనిషిని మీరెప్పుడూ చూసి ఉండరు. చూడాలనుకుంటే బౌరంపేట్ రండి, మా కాలనీలో ఎవరినడిగినా ఇల్లు చూపిస్తారు. నవ్వుతూ చూపిస్తారు, అది వేరే సంగతి.

కొన్నేళ్ళ కిందట ఉద్యోగం విసుగొచ్చి మానేసి, మేడ్చల్‌లో షెడ్డు పెట్టుకుని మురుకుల మెషిన్లు చేసే నర్సింలుతో వాటాదారుగా కలిశాను. మెషిన్ అతనిది, కాగితాలు నావి. అంతలో దుబాయ్‌లో స్వీట్ల దుకాణం నడిపే ఒకాయన మెషిన్ కావాలన్నాడు. మా మొదటి విదేశీ ఆర్డరు. పండగ సీజనుకు అందకపోతే ఇంకొకరి దగ్గర కొంటానని ముందే చెప్పాడు. దాన్ని తయారుచేస్తూ నర్సింలు ఇంటి మొహం కూడా సరిగా చూడలేదు.

"కస్టమ్స్ కాగితాలకు ఏజెంటును పెట్టుకుందాం సార్. మనకు పరేషాన్ ఉండది," అన్నాడు.

"నేనుండగా ఏజెంటెందుకు?" అన్నాను.

కస్టమ్స్ నిబంధనలన్నీ ప్రింటు తీసి, రంగురంగుల పెన్నులతో గీతలు గీశాను. పెళ్ళిచూపులకు కూడా నేనంత తయారవలేదు. చివరికి వాటిలో ఒక్కటే నా తలకెక్కింది: పెట్టెలో ఏముంటే అదంతా రాయాలి.

మెషిన్ బయల్దేరే రోజు నర్సింలు వాళ్ళ అవ్వ శామీర్‌పేట్ నుంచి వచ్చింది. కొబ్బరికాయ కొట్టి, మెషిన్ హ్యాండిలుకు నిమ్మకాయ, పచ్చిమిరపకాయలు గుచ్చిన దండ కట్టింది.

"అవ్వా, అది తీసేయాలి," అన్నాను.

"తియ్యకు బిడ్డా. దీని మీద మస్తు కండ్లు పడ్డయి."

పెద్దావిడ మాట కాదనలేను, నిబంధనా కాదనలేను. మామూలు మనిషైతే లారీ కదిలాక దండ తెంపి జేబులో వేసుకుంటాడు. నేను లాప్‌టాప్ తెరిచాను. ఇన్‌వాయిస్‌లో మెషిన్ కింద నిమ్మకాయనూ మిరపకాయలనూ చేర్చాను. దిష్టి తీయడమంటే ఏమిటో ఇంగ్లీషులో రాయడానికి చాలాసేపు తన్నుకున్నాను. కొనేవాడికీ ఒక కాపీ పంపి, నిజాయితీ అంటే ఇదీ అని నన్ను నేనే మెచ్చుకున్నాను.

సరుకు కంటైనర్లకెక్కించే డిపోలో కస్టమ్స్ ఆఫీసరు కాగితం చదివాడు, నా మొహం చూశాడు, మళ్ళీ కాగితం చదివాడు.

"నిమ్మకాయ ఎగుమతి చేస్తున్నారా?"

"మెషిన్ సార్. నిమ్మకాయ తోడుగా వెళ్తోంది."

"తాజా కాయకు మొక్కల క్వారంటైన్ వాళ్ళ సర్టిఫికెట్ కావాలి. ఉందా?"

"తెస్తాను సార్."

చూశారా? ఆయన వెక్కిరిస్తే నేను పని అప్పగించాడనుకున్నాను. నర్సింలును మెషిన్ దగ్గర ఉంచి క్వారంటైన్ ఆఫీసుకు పరిగెత్తాను. కాయ ఏ తోటలో కాసిందని వాళ్ళడిగారు. శామీర్‌పేట్ వెళ్ళి, అవ్వ రోజూ కూరగాయలు కొనే బండి వెతికి పట్టుకున్నాను.

"గీ నిమ్మకాయ ఏ తోటదో నాకేం ఎరుక?" అంది బండామె. "రసం లేకుంటె వాపస్ ఇయ్యి సార్, గింత లొల్లి ఎందుకు?"

ఇంతలో నర్సింలు ఫోను. "సార్, సాయంత్రం కంటైనర్ మూసేస్తరంట. గా దండ తెంపి పారేస్త, ఇగ సాలు."

"వద్దు. రాసిన సరుకు మాయమైతే అదింకో తప్పు. పైగా అవ్వ తియ్యొద్దంది."

"జర ఆగుండ్రి, అవ్వకే కలుపుత," అన్నాడు.

అవ్వ అంతా నిదానంగా విన్నది. "షెడ్డు గేటు దాటేదాక ఉంటె సాలు గద బిడ్డా. సముద్రంల ఎవని కండ్లు పడ్తయి? ఎప్పటిదాక ఉంచాల్నో నువ్వు అడగకపోతివి."

సిగ్గుతో చచ్చిపోయాను. నర్సింలు కష్టమంతా నా పంతానికి బలయ్యేదే. ఆగమేఘాల మీద డిపోకు వెళ్ళి, ఆఫీసరు ఎదుటే దండ తెంపి, సవరణ దరఖాస్తు పెట్టాను. ఆయన సంతకం చేస్తూ, "దిష్టి మెషిన్‌కు తగల్లేదండీ, కాగితాలకు తగిలింది," అన్నాడు. కంటైనర్‌లోకి ఆఖరున ఎక్కింది మా పెట్టే.

పండగ ముందే మెషిన్ దుబాయ్ చేరింది. కొన్నాళ్ళకు అక్కడినుంచి మెయిలొస్తే, గర్వంగా నర్సింలుకు పైకి చదివి వినిపించాను. "మెషిన్ బ్రహ్మాండంగా ఉంది. ఇంకో రెండు పంపండి. ఒకటే షరతు. ఈసారి కాగితాలు మీరు రాయకూడదు."

నర్సింలు నవ్వలేదు. చాలా కష్టపడి నవ్వలేదు.

కాబట్టి పాఠక మహాశయులారా, మీ అందరి సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. ఏజెంటు వేలు పెట్టి చూపించిన చోట సంతకం చేయడం తప్ప, ఇక ఏ ఎగుమతి కాగితం మీదా నా పెన్ను ఆనదు. నేను పుట్టి బుద్ధెరిగాక ఒక్క నిబంధన కూడా మీరలేదు, ఇదీ మీరను.