బాతులాయన చిన్న పార

పోయిన డిసెంబరు రెండో బుధవారం, ఉదయం ఆరుంబావుకి, బాతులాయన చిన్న పార పట్టుకుని మా కాలవగట్టు దిగడం మొదటిసారి చూశాను. కోతలయ్యాక రాలిన గింజల కోసం పెంటపాడు చేలలోకి బాతుల్ని తోలుకొచ్చి, గట్టు మీదే డేరా వేసుకునే మనిషి. గట్టు పాడుచేస్తాడని ఆ రోజే పంచాయతీకి అర్జీ ఇచ్చాను. ఆ తరవాత రోజూ గడియారం పెట్టుకుని మరీ కనిపెట్టాను. ఒక్క పూటా వేళ తప్పలేదు.

నాలుగో రోజు దగ్గరికి వెళ్ళాను. కాలవకు నూరు అడుగుల అవతల, తను దొడ్డికి కూర్చున్న చేతిలోతు గొయ్యిని బూడిదతో, మట్టితో పూడుస్తున్నాడు. పైన పారతో మెల్లగా మూడుసార్లు తట్టాడు, పసివాణ్ణి జోకొట్టినట్టు.

"ఇంత దూరం దేనికయ్యా?" అన్నాను.

"బాతులు కాలవ నీళ్ళే తాగుతాయండీ. అయినా మొన్నట్నించీ చచ్చిపోతన్నాయండీ. ఏవండీ, ఆ పైపు ఎవరిదండీ?"

గట్టు కింద కాలవలోకి నల్లనీళ్ళు వదులుతున్న ఆ పైపు మా మరుగుదొడ్డిది. పాలరాతి పలకలు పరిపించిన మరుగుదొడ్డి.

"వీధిలో అందరికీ ఉన్నాయిలే," అన్నాను.

"అందరికీనాండీ!" అని ఆయన డేరా విప్పడం మొదలుపెట్టాడు. "కొల్లేరు వైపు పోతానండీ. మీరు ఇక్కడే ఉండాలి కదండీ, జాగ్రత్తండీ."

నా అర్జీ మీద చర్య తీసుకున్నామనీ, గట్టు శుభ్రమైందనీ సోమవారం పంచాయతీ గుమాస్తా వచ్చి చెప్పాడు.

ఆయనకు పోయినవి పదకొండు బాతులు. మా వీధికి ఏమీ పోలేదు.