బోర్లించిన కాఫీ కప్పు

నిన్న ఒక అరబ్బీ హోటల్లో చిట్టి కప్పులో పాలు లేని కాఫీ ఇచ్చారు. ఆ యాలకుల వాసనకి పిడుగురాళ్లలోని మా వసారాలో పీటేసుక్కూర్చున్న మేనత్త కళ్ళముందు నిలిచింది.

ఎనభైల్లో రేడియో పెడితే చాలు, బీరూట్‌లో బాంబులని చెప్పేవాళ్ళు, గుర్తుందా? ఆ బీరూట్ నుంచి పారిపోయి కువైట్ చేరిన ఒక లెబనాన్ కుటుంబానికి మా అత్త నాలుగేళ్ళు వంట చేసింది. వాళ్ళ మేడమ్ రోజూ వడకట్టని కాఫీ తాగి, కప్పు సాసర్లో బోర్లించి, అంటుకున్న మడ్డిలో జాతకం చూసేదట. అత్త ఆ విద్య మా వీధికి తెచ్చింది.

"ఎంగిలి కప్పులో ఏందే నీ శాస్త్రం!" అని నాయనమ్మ కసిరేది.

సున్నం లారీ తోలే మొగుడు వారమైనా రాలేదని పక్కింటి రమణక్క ఏడుస్తూ కప్పు బోర్లించింది.

"దారి కనపడతంది, వస్తాడులేవే," అంది అత్త. రెండ్రోజులకి లారీ వచ్చింది. ఇక వీధి వీధంతా మా వసారాలోనే!

"నిజంగా దారి కనపడిద్దా అత్తా?" అని అడిగాను.

"ఏమో తల్లీ. 'దారుంది, వచ్చే నెల మనూరెళ్దాం' అని మేడమ్ నాలుగేళ్ళూ రోజూ అనేది. పాపం, ఇంకా కువైట్లోనే ఉంది."

"మరి రమణక్కకెందుకు చెప్పావు?"

"ఆ మాట అనుకున్నాకే మేడమ్ లేచి పిల్లలకి జడలేసేది. రమణ కూడా ఆ పూట పొయ్యి వెలిగించిందిగా!"