కాఫీ ముట్టని అధికారి

పదవీ విరమణకు రెండేళ్ల ముందు, మామిడి పూత వేళ, పాల సమాఖ్య వాళ్లు నన్ను బేతమంగళ వైపు పల్లెలకు విస్తరణాధికారిగా వేశారు. ఊరి సంఘాల్లో పోసే పాలు మంచివో కావో చూడడం, తగాదాలుంటే తీర్చడం నా పని. అప్పటికే నాకొక పేరుంది: పల్లెల్లో కాఫీ ముట్టని అధికారి. ఆ పేరును ఇస్త్రీ చొక్కాలా నలగకుండా చూసుకునేవాణ్ణి. ఇంద్రియాలు గుర్రాలు, మనసు పగ్గం, బుద్ధి సారథి అని ఉపనిషత్తు చెప్పింది కదా, రోజూ పూజలో ఆ మాట తలచుకునే జీపెక్కేవాణ్ణి. ఎవరైనా కాఫీ ఇస్తే వాళ్లకూ అదే చెప్పేవాణ్ణి, అడక్కపోయినా.

ఒక ఊరి సంఘం క్యానులో నీళ్లు బయటపడ్డాయి. కార్యదర్శి నాగరాజప్ప ఆ తప్పును మునెమ్మ మీదికి తోశాడు. ఆమెకున్నది ఒకే ఆవు. ఇల్లు గడిచేది ఆ పాలతోనే. ఇలాంటి తగాదాకు మాకు కొట్టం పరీక్ష అని ఒకటుంది. అధికారి కొట్టానికి వెళ్లి, రోజూ పిండే వేళకే, చివరి చుక్కదాకా తన ఎదుట పిండించి, ఆ పాలను సంఘంలో పోసిన పాలతో పోల్చాలి. ఆవే పలచగా ఇస్తుంటే మనిషి నీళ్లు కలపలేదని తేలుతుంది. తగాదా పొద్దుటి పాల మీద కాబట్టి సాయంత్రం పాలు పనికిరావు. పరీక్షకు పెట్టిన రోజున అది జరగకపోతే సంఘం జాబితాలోంచి మునెమ్మ పేరు కొట్టేయమని ఉత్తర్వు.

ఆ రోజు తెల్లవారుతుండగా సంఘం దగ్గర జీపు దిగాను. నాగరాజప్ప కాఫీ తెచ్చాడు. చెయ్యి అడ్డం పెట్టాను.

"మీరు తాగరని తెలుసు సార్. తెచ్చింది మర్యాదకి" అన్నాడు. "మనసును యెట్ల కట్టేసుకోవల్లో మావోళ్లకి రెండు మాటలు చెప్పండి సార్. మీ మాదిరి చెప్పేవాళ్లు ఈ తాలూకాలోనే లేరు."

మైకు సిద్ధంగా ఉంది, శాలువా కూడా. పాలు పోయడానికొచ్చినవాళ్లు ఎటూ కదల్లేక క్యాన్లతో నిలబడ్డారు. నాలుక అనే గుర్రం గురించి చెప్పాను, కన్ను అనే గుర్రం గురించి చెప్పాను. నాగరాజప్ప తల ఊపినప్పుడల్లా నాకు ఇంకో ఉదాహరణ తోచింది. రెండు మాటలు గంటన్నర పట్టాయి. చెవి అనే గుర్రం దగ్గరికి మాత్రం రాలేదు. అది అప్పటికే నన్ను లాక్కుపోతోంది.

శాలువాతోనే కొట్టానికి వెళ్లాను. మునెమ్మ గుమ్మంలో కూర్చుని ఉంది. చెంబు నిండా పాలు.

"యెంతసేపని కాచుకుందునప్పా? పొదుగు బిగిసిపోయి ఆవు ఒకటే అరుపు. పిండేసినాను" అంది. తర్వాత నా భుజం మీది శాలువాను చూసింది. "నువ్వు ఆయప్ప ఇచ్చిన కాఫీ తాగింటే అయిదు నిమిషాల్లో వచ్చేసిందువు గదప్పా."

శాలువా తీసి మడిచాను. సిగ్గుపడ్డాను.

ఒక్కరోజు గడువు కోరుతూ ఆఫీసుకు కాగితం పంపాను. ఆలస్యానికి కారణం రాయాల్సిన గడి దగ్గర కలం ఆగింది. చివరికి 'మనోనిగ్రహంపై నా ఉపన్యాసం' అని రాశాను. పై అధికారి ఫోన్ చేసి, నవ్వడం పూర్తయ్యాక, గడువిచ్చాడు.

మర్నాడు చీకటి విడకముందే ఆ కొట్టంలో ఉన్నాను. మునెమ్మ పిండింది, నేను కొలిచాను. ఆవు ఇచ్చిన పాలూ, ఆమె సంఘంలో పోసిన పాలూ ఒక్కలాగే పలచన. మేత చాలని ఆవు. మునెమ్మ పేరు జాబితాలో నిలిచింది. మరి క్యానులోకి నీళ్లు ఎలా వచ్చాయన్న ప్రశ్న నాగరాజప్ప దగ్గరికి వెళ్లింది. నన్ను మైకు దగ్గర ఎందుకు నిలబెట్టాడో అప్పుడు అర్థమైంది.

మునెమ్మ కాఫీ ఇచ్చింది. పాలు పలచనే. తాగాను.

మనిషి ఏ వాకిలికి కాపలా కాస్తాడో ఊరందరికీ తెలుస్తుంది. పనున్నవాడు ఇంకో వాకిట్లోంచి వస్తాడు. ఆ తర్వాత సర్వీసున్నంతకాలం పల్లెల్లో ఎవరు కాఫీ ఇచ్చినా తాగాను. మైకు మాత్రం ముట్టలేదు.